అధ్యక్షురాలు మారింది, తాళంచెవి మారలేదు

ఈసారి ఉత్తరం ఎనిమిది పేజీలు. రాసినామె వయసు 47, ఊరు ప్రకాశం జిల్లాలో. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, ఆమె బాధ మాత్రం తగ్గకుండా క్లుప్తంగా చెబుతాను.

పద్నాలుగేళ్ల కిందట వాళ్ల వీధిలో పొదుపు సంఘం పెట్టినప్పుడు ఆమే లీడరు. తర్వాత ఆరేళ్లు, ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘానికి అధ్యక్షురాలు. ఊళ్లో 16 సంఘాలు. సంఘానికి ఇద్దరు లీడర్ల లెక్కన నెలనెలా 32 మంది కూర్చుంటారు. బ్యాంకు మెట్లెక్కాలంటే చెమటలు పట్టే ఆడవాళ్లని వెంటబెట్టుకెళ్లి మొదటి లింకేజీ అప్పు, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, ఇప్పించింది. మొండిబాకీలు వసూలు చేసింది. ఇంట్లో తన్నులు తిని వచ్చినవాళ్లకి అర్ధరాత్రి తలుపు తీసింది. పోయిన ఏడాది లీడర్లు మారాలన్న మాట వచ్చినప్పుడు పేచీ పెట్టలేదు. ఎస్సీ కాలనీలో డిగ్రీ చదివిన 29 ఏళ్ల అమ్మాయి పేరు తనే చెప్పి, తనే అందరినీ ఒప్పించి అధ్యక్షురాలిని చేసింది. ‘నాయకత్వం అందరిదీ, పాత లీడర్లు తక్కువ మాట్లాడి ఎక్కువ వినాలి’ అని నేర్పిన మూడు రోజుల శిక్షణకీ వెళ్లొచ్చింది.

అక్కణ్ణుంచి ఆమె మాటల్లోనే:

“కొత్త అధ్యక్షురాలు ప్రతి మాటకీ ముందు నా మొహం చూస్తుంది. ఒక్కొక్కరూ మీ అభిప్రాయం చెప్పండి అంటే, మొదటామె ‘నువ్వెట్టా చెప్తే అట్టానే అక్కా’ అంటుంది, మిగతా అందరిదీ అదే మాట. నేను నోరు మూసుకుంటేనన్నా మాట్లాడతారేమోనని మూడు మీటింగుల్లో పెదవి విప్పలేదు. మూడోసారి వసూలైన రెండు లక్షలు ఎవరికివ్వాలన్న సంగతి వచ్చింది. కాలనీ సంఘం లక్షా ఇరవై వేలు అడిగింది. వాళ్లలో ఒకామె భర్త సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి మంచం పట్టాడు. గేదెని కొనుక్కుని పాలు పోసుకుంటానని ఆమె ఆశ. మెయిన్ రోడ్డు సంఘం లీడరుది పెద్ద గొంతు. అరగంట అరిచి రెండు లక్షలూ తమకే రాయించుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను. మరుసటి నెల కాలనీ సంఘాలు రెండూ మీటింగుకి రాలేదు. ఇంకో మూడు సంఘాలు కిస్తీ ఎగ్గొట్టాయి. ఇప్పుడు అందరూ నన్నే అంటున్నారు, నువ్వు వదిలేసినావు అని.”

ఊరికే చాకిరీ చేసింది చాలు, మానెయ్యమని భర్త అంటున్నాడట. మళ్లీ అధ్యక్షురాలిగా రమ్మని కొందరు ఇంటికొచ్చి అడిగారట. ఏం చెయ్యాలన్నది ఆమె ప్రశ్న. చివరి పేజీ అడుగున, వేరే పెన్నుతో, ఇంకో నాలుగు లైన్లున్నాయి: “ఇది ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేచేసరికి నా అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. ఇప్పుడు అరుగు ఊడ్చుకుని లోపలికి వస్తాను. నాకు పదవి మీద ఆశ లేదనుకున్నాను. ఉందేమో.”

చెల్లెమ్మా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెద్ద గొడవ గురించి మీరు వివరంగా రాశారు. మధ్యలో ఎక్కడో ఒక్క ముక్కలో రాసి దాటేసినవి కొన్నున్నాయి. నా కళ్లు వాటి దగ్గరే ఆగాయి. మీటింగు ఇప్పటికీ మీ అరుగు మీదే జరుగుతుంది. కాలనీవాళ్లు మెట్ల మీద కూర్చుంటారు, ‘పైకి రమ్మన్నా రారు’ అన్నారు. డబ్బుల పెట్టె, తీర్మానాల పుస్తకం మీ బీరువాలో ఉన్నాయి, ‘భద్రంగా ఉంటాయని’. బ్యాంకు ఫీల్డాఫీసరు ఏదున్నా మీకే ఫోన్ చేస్తాడు. సంఘంలో అందరూ మిమ్మల్ని అక్కా అంటారు, కొత్త అధ్యక్షురాలు మాత్రం ‘అమ్మగారూ’ అంటుంది, ఎంత చెప్పినా ఆ అమ్మాయికి నోరు తిరగదు.

మీరు కుర్చీ మనసారానే ఇచ్చారు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. కాకపోతే ఆ కుర్చీ మీ అరుగు మీదే వేసి ఉంది. ఆ అమ్మాయి తల్లి ఏనాడూ ఎక్కని అరుగది. అక్కడ కూర్చుని, మీ ఎదురుగా, మీ బీరువాలోంచి వచ్చిన పుస్తకం తెరిచి, మీ కంటే ముందు మాట్లాడాలి. నేనైతే ఆ వయసులో చెయ్యగలిగేదాన్ని కాదు.

ఇక మీ మౌనం గురించి. శిక్షణలో చెప్పింది మీరు అక్షరాలా పాటించారు, దెబ్బతిన్నారు. తప్పు మీ ఒక్కరిదే అనను. మన శిక్షణల్లో ‘తక్కువ మాట్లాడండి’ వరకు చెప్పి, ఆ మిగిలిన చోట్లో ఏం పెట్టాలో చెప్పరు. ఊళ్లో పెద్దమనిషి నోరు మూసుకుని కూర్చుంటే దానికో అర్థం ఉంటుంది. అలిగిందనుకుంటారు, లేదా ఎవరేం అంటారో కనిపెడుతోందనుకుంటారు. అలాంటప్పుడు మెత్తని మనిషి ఇంకా మెత్తబడుతుంది. గొంతున్న మనిషికి మాత్రం దారి చక్కగా దొరుకుతుంది. మీ మూడో మీటింగులో జరిగింది అదే.

ఇది నాకెలా తెలుసంటే, నేనూ చేతులు కాల్చుకున్నదాన్నే. పాతికేళ్ల కిందట మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్లో ఆడవాళ్ల చేత ఊరి పటం వేయించడానికి వెళ్లాను. పీఆర్ఏ (పార్టిసిపేటరీ రూరల్ అప్రైజల్) అంటారు ఆ పద్ధతిని, ఊరి సంగతులు ఊరివాళ్ల చేతే చెప్పించడం. బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ లాంటివాళ్లు ప్రచారంలోకి తెచ్చారు, 1990ల్లో మన ఊళ్లలో బాగా వాడారు. బయటినుంచి వచ్చినవాళ్లు చేతిలో కర్ర ఊరివాళ్లకి అప్పగించాలన్నది అందులో మొదటి పాఠం. నేనా పాఠం చదువుకునే వెళ్లాను. గుడి ముందు నేల మీద ముగ్గుతో రోడ్డు గీశాను, బడి గీశాను, చెరువు గీశాను, ‘ఇప్పుడు మీరు చెప్పండమ్మా’ అన్నాను. తలలూపారు. నేను ఊరుకున్నాను. వాళ్లూ ఊరుకున్నారు. చాలాసేపటికి ఒక ముసలమ్మ లేచి వచ్చి నా చేతిలో ముగ్గు గిన్నె లాక్కుని, నేను గీసిన రోడ్డుని కాలితో చెరిపేసింది. ‘మా ఊరు రోడ్డుకాడ మొదలు కాదు బిడ్డా, బాయికాడ మొదలైతది’ అంది. పది నిమిషాల్లో ఆడవాళ్లందరూ నేల మీద మోకాళ్లు ఊని ఉన్నారు. వలసపోయిన ఇళ్ల మీద చింతపిక్కలు పెడుతున్నారు, నువ్వు తప్పు పెట్టావంటే నువ్వు తప్పు పెట్టావని పోట్లాడుకుంటున్నారు.

అప్పుడు నేను మౌనంగా లేను. ‘ఈ ఇల్లెవరిది? ఇటు పక్క ఎవరూ లేరేం?’ అని అడుగుతూనే ఉన్నాను. మారిందల్లా ముగ్గు గిన్నె ఎవరి చేతిలో ఉందన్నదే. అందుకని మీ ఊళ్లో ఆ గిన్నె ఏమిటన్నది చూడాలి. నాకైతే అది పెట్టె తాళంచెవి, తీర్మానాల పుస్తకం, ఫీల్డాఫీసరు ఫోను, మీటింగు జాగా.

మీ ముందు మూడు దారులున్నాయి. మూడిట్లోనూ మంచీ ఉంది, మూల్యమూ ఉంది.

మొదటిది, వాళ్లు రమ్మంటున్నట్టు మళ్లీ అధ్యక్షురాలు కావడం. ఫలితం త్వరగా కనిపిస్తుంది. మీరు గడప ముందు నిలబడితే ఎగ్గొట్టిన మూడు సంఘాలూ ఈ నెలలోనే కిస్తీ కడతాయనుకుంటాను. అరుగూ నిండుతుంది. కానీ ఆ అమ్మాయి ఇక జన్మలో ఏ పదవికీ పేరు ఇవ్వదు, ఆ కాలనీలో ఇంకో ఆడపిల్లా ఇవ్వదు. ‘చూశారుగా, వాళ్లకి చాతకాలేదు’ అన్న మాట ఊళ్లో పాతుకుపోతుంది. మీరు అనకపోయినా సరే. ఇంకో పదేళ్లకి మీ మోకాళ్లు సహకరించనప్పుడు ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది. మీకు పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అందులో ముందు నిలబడిన రోశమ్మ పేరు మనందరికీ తెలుసు, తెలియాలి కూడా. అయితే ఆ పోరాటం ఆమెతోనే ఆగి ఉంటే ఒక ఊరి కథగా మిగిలేది. రాత్రిపూట అక్షరాలు దిద్దుకోవడానికి కలిసి కూర్చున్న ఆడవాళ్లు ఏ ఊరికి ఆ ఊళ్లో సారా వేలం పాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయిందంటే, ఒకరిని ఆపితే ఆగేది కాకుండా అది పాకిపోవడం వల్లే.

రెండోది, మీవారు చెప్పినట్టు పూర్తిగా మానెయ్యడం. దీన్ని నేను తప్పు పట్టను. పద్నాలుగేళ్లు చేసిన మనిషికి విశ్రాంతి అడిగే హక్కుంది. కాకపోతే ఇప్పుడు, ఈ గొడవ మధ్యలో మానేస్తే మీకు తెలిసినదంతా మీతోనే వెళ్లిపోతుంది. ఏ సంఘం ఏ నెల్లో ఇబ్బంది పడుతుందో, ఏ ఇంట్లో పాస్ పుస్తకం మొగుడి చేతిలో ఉందో, బ్యాంకులో ఏ కాగితం అడిగితే ఏది ఇవ్వాలో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. లెక్కలు రాసే వీఓఏ (గ్రామ సంఘం సహాయకురాలు) చేతిలోకన్నా పోతుంది, పెద్ద గొంతు చేతిలోకన్నా పోతుంది, లేదా లీడర్ల మొగుళ్లు వచ్చి కూర్చుంటారు. మానెయ్యాలనే మీ మనసుంటే మానెయ్యండి, కానీ ఆరు నెలలు గడువు పెట్టుకుని, అందరికీ ఆ తేదీ చెప్పి, ఈలోపు ఉన్నదంతా అప్పగించి.

మూడోది, మామూలు సభ్యురాలిగా ఉంటూ, మీటింగు ఎలా నడపాలో వాళ్లతో పాటు మీరూ నేర్చుకోవడం. మూడిట్లోకీ కష్టమైనది ఇదే. మనసు పడే అవస్థ ఎక్కువ, మెప్పు తక్కువ. మీరెలాగూ సగం దూరం నడిచారు కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు జాగా మార్చండి. అంగన్‌వాడీ వసారానో బడి వరండానో చూడండి, అందరూ ఒకే ఎత్తులో కూర్చునేలా. మెట్లు లేనిచోట ఎవరు మెట్ల మీద కూర్చోవాలన్న సంకోచం ఉండదు. తర్వాత పెట్టె. ఆఫ్రికాలో నైజర్ అనే దేశంలో 1991లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ ఆడవాళ్ల పొదుపు సంఘాలు మొదలుపెట్టింది. ఆ పద్ధతిలో నడిచే సంఘాల్లో పెట్టెకి మూడు తాళాలుంటాయి. తాళంచెవులు ముగ్గురు వేర్వేరు సభ్యుల దగ్గర, పెట్టె ఇంకొకరి ఇంట్లో. నలుగురూ కలిస్తే తప్ప మూత లేవదు. ఇందులో దొంగతనం భయం ఒక్కటే లేదు. ‘నేను రాకపోతే పెట్టె తెరుచుకోదు’ అనుకున్న మనిషి మీటింగుకి వస్తుంది. మీ పెట్టెలో పెద్ద డబ్బు ఉండదు, లావాదేవీలన్నీ బ్యాంకులోనే, నాకు తెలుసు. అయినా తాళంచెవి కొంగున కట్టుకున్న మనిషి నడక వేరుగా ఉంటుంది. ఒకటి కాలనీకి వెళ్లనివ్వండి.

బ్యాంకుకి ఆ అమ్మాయిని ఇంకో లీడరుని తోడిచ్చి పంపండి, మీరు వెళ్లకండి. ఫీల్డాఫీసరు ఫోన్ చేస్తే ‘అధ్యక్షురాలిని అడగండి సార్, నంబరు ఇదిగో’ అని పెట్టెయ్యండి. రెండు మూడుసార్లు పనులు ఆలస్యమవుతాయి, కాగితం మర్చిపోయి తిరిగొస్తారు. ఆ తిరిగొచ్చిన రోజు మీరు పరిగెత్తకుండా ఉండటమే మీకు పరీక్ష.

ఇక మాట్లాడించడం. ‘నువ్వెట్టా చెప్తే అట్టానే అక్కా’ అన్నదాన్ని మీరు ప్రేమ అనుకున్నారు. ప్రేమ ఉంది. దాని కింద లెక్క కూడా ఉంది: 31 మంది ముందు తప్పు మాట అంటే పరువు పోతుంది, అక్కకి నచ్చని మాట అంటే రేపు అప్పు దగ్గర తేడా వస్తుందేమో. కాబట్టి పెద్ద వలయంలో ఒక్కొక్కరినీ అడగడం మానేసి, ముందు ముగ్గురేసి మాట్లాడుకోనివ్వండి, ఐదు నిమిషాలు. వేర్వేరు వీధులవాళ్లు కలిసేలా చూడండి. తర్వాత ఒక్కో ముగ్గురిలో ఒకరు, ‘మా ముగ్గురం ఇలా అనుకున్నాం’ అని చెబుతారు. ‘నేను’ అని చెప్పడానికి భయపడే మాటని ‘మేం’ అని చెప్పడానికి భయం ఉండదు. ఇంకో లాభం, పెద్ద గొంతు ఆ ఐదు నిమిషాల్లో ఇద్దరికే వినపడుతుంది. మీరూ ఒక ముగ్గురిలో కూర్చోండి, మూడోవారిగా మాట్లాడండి. మాట్లాడటం మాత్రం మానకండి.

మీటింగు నడిపే మనిషీ అధ్యక్షురాలూ ఒకరే కానక్కర్లేదు. నెలకొకరు నడపవచ్చు. ఆ నెల నడిపే మనిషి పని చాలా చిన్నది: ఇవాళ తేల్చాల్సినవి ఏమిటో మొదట్లో అడిగి చెప్పడం, ఒకరి మాట పూర్తయ్యాక ఇంకొకరికి వంతు ఇవ్వడం, మాట్లాడనివాళ్ల వైపు చూడటం. ఆ నెల ఆమె ఏ పక్షమూ వహించకూడదు. మాట్లాడే తెలివి వాళ్లకి లేదని మీకెవరైనా చెబితే నమ్మకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి ‘సంఘం రేడియో’ అనే ఊరి రేడియో కేంద్రాన్ని నడుపుతున్నది అక్కడి దళిత మహిళలే.

చదువురాని వాళ్లకీ అందే పద్ధతి ఒకటి చెబుతాను, మీ అప్పుల తగాదాకే పనికొస్తుంది. డబ్బు ఎవరికి అన్న పేర్లు రాకముందే, ఎలాంటివాళ్లకి ముందు ఇవ్వాలన్నది తేల్చండి. ఇంట్లో సంపాదించే మనిషి పడిపోయినవాళ్లు ఒకటి, పోయినసారి దక్కనివాళ్లు ఒకటి, కిస్తీ తప్పకుండా కట్టేవాళ్లు ఒకటి, అదను దాటితే పంట పోయేవాళ్లు ఒకటి. ఒక్కోదానికి ముగ్గుతో ఒక బొమ్మ, దాని చుట్టూ ఒక గడి గీయించండి. సంఘానికి పది చింతపిక్కలివ్వండి, దేనికెంత ముఖ్యం అనిపిస్తే అన్ని అందులో పెట్టమనండి. పైకి లెక్కపెట్టండి. తర్వాతే పేర్లు. అరుపుకి పిక్కలు పెరగవు కదా. చివర్లో ‘అందరికీ ఇష్టమేనా’ అని అడగొద్దు, దానికి మనం ఎప్పుడూ ఊఁ కొడతాం. ‘దీనివల్ల ఎవరికి ఇబ్బంది?’ అని అడిగి, పది ఊపిర్లు తీసుకునేంతసేపు ఆగండి. ఏడో ఊపిరికో ఎనిమిదో ఊపిరికో ఒకామె గొంతు సవరించుకుంటుంది. తీర్మానం రాశాక సంతకాలకీ వేలిముద్రలకీ ముందు పైకి చదివించండి. మొన్నటి రెండు లక్షల తీర్మానాన్ని పైకి చదివి ఉంటే, ఆ కాలనీ లీడరు చేయి పుస్తకం దాకా వచ్చేదా?

ఒక మాట అడగకుండానే చెబుతున్నాను. తమిళనాడులో ఉత్తరమేరూరు గుడి గోడల మీద 919, 921 నాటి శాసనాలున్నాయి. తాటాకు మీద పేర్లు రాసి కుండలో వేసి, చిన్నపిల్లాడి చేత తీయించి ఊరి కమిటీలు ఎన్నుకునేవాళ్లు. అంతకుముందు మూడేళ్లలో కమిటీలో చేసినవాళ్ల పేరు కుండలో పడకూడదు. పదవులు మారుతుండాలన్న ఆలోచన మనకి అంత పాతది. కానీ భూమి, వేదం చదువు ఉన్న మగవాళ్ల పేర్లే ఆ కుండలోకి వెళ్లేవి. మీరు మీ ఊళ్లో కుండలోకి కొత్త పేరు వేశారు. ఆ పని చిన్నదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. అందుకే ఆ అమ్మాయి ఓడిపోతే పోయేది ఒక పదవీకాలం ఒక్కటే కాదని నా భయం.

ఇవన్నీ చేసినా మొదటి రెండు నెలలు మీటింగు ఇంకా గందరగోళంగా ఉంటుంది. పది నిమిషాల్లో మీరు తేల్చేసేది గంట పడుతుంది. తప్పు నిర్ణయాలూ జరుగుతాయి. డబ్బు పోయేంత తప్పో, ఒక మనిషికి అన్యాయమో జరుగుతుంటే సభ్యురాలిగా చెయ్యెత్తి మాట్లాడండి. మామూలు తప్పయితే జరగనివ్వండి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడన్నది ముందే మీరూ ఆ అమ్మాయీ కూర్చుని అనుకోండి. రెండు లక్షల రోజున ఆ గీత దాటింది. వచ్చే మీటింగులో ‘ఆ రోజు నేను మాట్లాడాల్సింది, మాట్లాడలేదు’ అని ఒక్క వాక్యం చెప్పండి, అంతకుమించి సంజాయిషీ వద్దు. మెయిన్ రోడ్డు లీడరుని నలుగురిలో నిలదీయకండి, ఆమె సంఘానికీ అవసరం ఉండే అడిగి ఉంటుంది. పోయిన డబ్బు వెనక్కి రాదు. వచ్చే వసూళ్లలో కాలనీ సంఘం పేరు ముందుంటుందా అన్నది పిక్కలు తేలుస్తాయి.

అరుగు గురించి రాయడం ఆఖరికి ఉంచాను. ‘ఉందేమో’ అని వేరే పెన్నుతో రాశారు. ఉంటే ఉండనివ్వండి. పద్నాలుగేళ్లు మనుషులు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు, ఇప్పుడు రావడం లేదు. అది పోగొట్టుకోవడమే, దానికి దుఃఖం రాకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. దాన్ని పదవీకాంక్ష అని పేరు పెట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అయితే ఆ దుఃఖంలో ఉన్నప్పుడు మొదటి దారి చాలా అందంగా కనిపిస్తుంది. కాబట్టి రమ్మన్నవాళ్లకి ఈ వారం జవాబు చెప్పకండి. మీవారికి కూడా ఆ చివరి పేజీ చూపించండి. ఆయన చాకిరీని చూశాడు కానీ, ఆ అరుగు మీకేమిటో ఆయనకి తెలియకపోవచ్చు.

మీటింగు పదో తేదీన అన్నారు. ఈలోపు ఒక సాయంత్రం మీరొక్కరే కాలనీకి వెళ్లి ఆ గేదె అడిగినామె ఇంట్లో కూర్చుని రండి. అప్పు సంగతి మాట్లాడకండి, మాట ఇవ్వకండి, అతని నడుము ఎలా ఉందో కనుక్కోండి. టీ ఇస్తే తాగండి.